మోరీ ఆమ్‌స్టర్‌డామ్: జోకులు అందరివీ, పాట మాత్రం ఒకరిది

జోకుకు యజమాని ఎవరు? అమెరికాలో ఈ ప్రశ్న 2015లో కోర్టుకెక్కింది. ఇంటర్నెట్‌లో తాను పెట్టిన జోకులనే టీవీ షోలో చెప్పారంటూ అలెక్స్ కేస్‌బర్గ్ అనే రచయిత, హోస్ట్ కోనన్ ఓబ్రయన్ మీద దావా వేశాడు. నాలుగేళ్లు నడిచిన ఆ కేసు 2019లో రాజీతో ముగిసింది. అలాంటి దావా వింటే వెనకటి తరం హాస్యనటులు ముక్కున వేలేసుకునేవాళ్లు. వాళ్ల లోకంలో జోకు ఎవరి నోట పేలితే వాళ్లదే. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడ బెడిసికొట్టిందో తెలియాలంటే అమెరికన్ హాస్యనటుడు మోరీ ఆమ్‌స్టర్‌డామ్ కథ చూడాలి.

ఆయన 1908లో షికాగోలో పుట్టాడు. 1922లో, ఇంకా పిల్లాడిగా ఉండగానే, అన్నతో కలిసి వాడెవిల్ స్టేజి ఎక్కాడు. వాడెవిల్ అంటే పాట, డాన్సు, గారడీ, హాస్యం అన్నీ కలిపి ఊరూరా వేసే ప్రదర్శన. పది పన్నెండు నిమిషాల ఐటమ్ ఒకటి చేతిలో ఉంటే చాలు, ఊరు మారుస్తూ ఏళ్ల తరబడి దాని మీదే బతికేయొచ్చు. ఒకరి జోకు ఇంకొకరు ఎత్తుకుపోతే తిట్టుకునేవాళ్లు, వీలైతే తిరిగి వాళ్లది ఎత్తుకొచ్చేవాళ్లు. అంతేగానీ లాయర్ దగ్గరికి వెళ్లిన వాళ్లు తక్కువ.

తర్వాత రేడియో వచ్చి ఆ లెక్క మొత్తం మార్చేసింది. ఏళ్లపాటు తిండి పెట్టిన ఐటమ్ ఒక్క రాత్రి ప్రసారంతో దేశమంతా వినేసేది. మరుసటి వారానికి కొత్త సరుకు కావాలి. అలా జోకులు రాసి అమ్మేవాళ్లకు గిరాకీ పెరిగింది. షికాగోలో అల్ కపోన్ ముఠా నడిపే దొంగ బార్‌లో పనిచేసి, అక్కడ కాల్పుల మధ్య ఇరుక్కుని బయటపడ్డ ఆమ్‌స్టర్‌డామ్ కాలిఫోర్నియాకు మకాం మార్చి ఈ పనిలోకే దిగాడు. విల్ రోజర్స్, ఫ్యానీ బ్రైస్, జిమ్మీ డ్యురాంటే లాంటి పేరున్నవాళ్లకు రాశాడు. స్టేజి మీద చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) పట్టుకుని నిలబడేవాడు. ప్రేక్షకులు ఏ మాట అందిస్తే దాని మీద అక్కడికక్కడే జోకు చెప్పేవాడు. ‘మనిషి రూపంలో ఉన్న జోకుల మెషీన్’ అని పేరు పడింది. ఆ వేగానికి నేను నిజంగా అభిమానిని. కానీ అంత వేగం కావాలంటే ఎక్కడెక్కడివో వేల జోకులు తలలో నిండి ఉండాలి. వాటిలో ఏది ఎవరు పుట్టించారో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

1943లో ఆయన సైనికులకు వినోదం పంచే యూఎస్ఓ తరఫున ట్రినిడాడ్ వెళ్లాడు. ఆ ద్వీపం అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉంది. 1940లో బ్రిటన్, అమెరికాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం 50 పాత యుద్ధనౌకలు బ్రిటన్‌కు వెళ్లాయి, బదులుగా కరీబియన్‌తో పాటు మరికొన్ని చోట్ల స్థావరాలకు స్థలం అమెరికాకు దక్కింది. అలా ట్రినిడాడ్‌లో వేలాది అమెరికన్ సైనికులు దిగారు, వాళ్ల వెంట డాలర్లూ దిగాయి. లార్డ్ ఇన్వేడర్ (అసలు పేరు రూపర్ట్ గ్రాంట్) కాలిప్సో గాయకుడు. కాలిప్సో అంటే ట్రినిడాడ్ జనం పాట. ఆయన దాని మీద ఒక పాట కట్టాడు. అమెరికన్ల డబ్బు కోసం తల్లీ కూతుళ్లు ఇద్దరూ ట్రినిడాడ్‌లోని పాయింట్ కుమానా అనే చోటికి పోతున్నారని అందులో ఎత్తిపొడుపు. పైకి హుషారుగా ఉంటుంది, లోపల చాలా మంట ఉంది. అదే ‘రమ్ అండ్ కోకా కోలా’.

ఆమ్‌స్టర్‌డామ్ తిరిగొచ్చాక అదే పాట న్యూయార్క్‌లో ఆయన పేరుతో వెలిసింది. చరణాల్లో మాటలు మారాయి గానీ పల్లవి దాదాపు అదే. రమ్ము, కోకా కోలా, పాయింట్ కుమానా, తల్లీ కూతుళ్లు, అమెరికన్ డాలర్, అన్నీ వరసగా ఉన్నాయి. సంగీతం కింద జెరీ సలవన్, పాల్ బేరన్ పేర్లు వేశారు. ఆండ్రూస్ సిస్టర్స్ పాడిన రికార్డు 1945లో బిల్‌బోర్డ్ పత్రిక వేసే హిట్ పాటల పట్టికలో పది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కూల్‌డ్రింక్ పేరుతో పాటు మద్యం కూడా ఉందని రేడియో నెట్‌వర్క్‌లు వెనకాడినా అమ్మకాలు ఆగలేదు. తాము లయ చూసి పాడామే తప్ప మాటల గురించి ఆలోచించలేదని ఆ అక్కాచెల్లెళ్లలో ఒకరు తర్వాత చెప్పారు. దేశమంతా అలాగే పాడుకుంది.

స్టేజి మీద పాడిన పాటగానే మిగిలి ఉంటే లార్డ్ ఇన్వేడర్‌కు దిక్కుండేది కాదేమో. ఆయన అదృష్టం కొద్దీ ఆ సాహిత్యం 1943లోనే ట్రినిడాడ్‌లో ఒక చిన్న పుస్తకంలో అచ్చయింది. దాని ప్రచురణకర్త మహ్మద్ ఖాన్ న్యూయార్క్‌లో కేసు వేశాడు. లార్డ్ ఇన్వేడర్ స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఈ పాట అసభ్యంగా ఉంది కాబట్టి దీనికి కాపీరైట్ రక్షణే లేదన్న వాదన కూడా అవతలి పక్షం తెచ్చింది. అసభ్యమంటూనే అదే పాట అమ్ముకుని డబ్బు గడించడం ఏ న్యాయమో! కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 1947లో తీర్పు ఖాన్ పక్షానే వచ్చింది, అప్పీల్లోనూ నిలిచింది.

ట్యూన్ సంగతి వేరే కేసు. అది లయనెల్ బెలాస్కో అనే కరీబియన్ సంగీతకారుడిది. 1906 నాటి తన పాటలోదని ఆయన చెప్పాడు. మంచి కుటుంబంలో పుట్టిన ఒక అమ్మాయి బతుకు వీధిన పడిన కథ అది. ఆ పాట 1943లో మారిస్ బేరన్ ప్రచురించిన కాలిప్సో సంకలనంలో ఉంది. ఈ బేరన్ వేరు, సంగీతం కింద పేరు వేసుకున్న పాల్ బేరన్ వేరు. మారిస్ బేరన్ తరఫున లాయర్ లూయిస్ నైజర్ వాదించి 1948లో గెలిచాడు. మరుసటి ఏడు అప్పీలు కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. పరిహారం ముట్టాక కూడా ఆ పాట అమెరికన్ కాపీరైట్ ఆమ్‌స్టర్‌డామ్‌తోనే ఉండిపోయింది.

నా దృష్టిలో ఇది దొంగతనమే. మామూలు దొంగలా చాటుగా చేసిన పని కాదు, జోకుల బజారులో ఏళ్ల తరబడి అందరూ చేసేదే. కానీ పాటకు అచ్చు పుస్తకం ఉంది, తేదీ ఉంది, ప్రచురణకర్త ఉన్నాడు. జోకుకు ఇవేవీ ఉండవు.

ఈ కేసుల వల్ల ఆమ్‌స్టర్‌డామ్ కెరీర్ ఆగలేదు. 1948లో సొంత షో పెట్టాడు. 1950లో టీవీ నెట్‌వర్క్ ఎన్‌బీసీ మొదలుపెట్టిన ‘బ్రాడ్‌వే ఓపెన్ హౌస్’కు జెరీ లెస్టర్‌తో పాటు వారంలో కొన్ని రాత్రులు హోస్ట్‌గా ఉన్నాడు. తర్వాత వచ్చిన అర్ధరాత్రి టాక్ షోలన్నిటికీ దారి వేసింది అదే. సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు.

1961 అక్టోబర్ 3న ‘ది డిక్ వాన్ డైక్ షో’ అనే టీవీ హాస్య సీరియల్ మొదలైంది. అదే నెలలో లార్డ్ ఇన్వేడర్ న్యూయార్క్‌లో చనిపోయాడు. టీవీ షోకు జోకులు రాసే ముగ్గురు రచయితల ఆఫీసు కథ ఈ సీరియల్. అందులో బడ్డీ సోరెల్ పాత్రకు ఆమ్‌స్టర్‌డామ్‌ను సూచించింది సహనటి రోజ్ మేరీ. ఈ సీరియల్ సృష్టికర్త కార్ల్ రైనర్, టీవీ హాస్యనటుడు సిడ్ సీజర్ షోలో తాను చూసిన రచయితల గదిని తెరకెక్కించాడు. బడ్డీకి నమూనా ఆ గదిలోని రచయిత మెల్ బ్రూక్స్. గుమ్మంలో నిర్మాత మెల్ కూలీ కనిపిస్తే చాలు, అతని బట్టతల మీద బడ్డీ విసురు పడాల్సిందే. కూలీకి మిగిలేది ఒక్క చీదరింపు. అంతకాలం పేరు లేకుండా తెర వెనక ఉండిపోయిన జోకుల రచయితకు అమెరికా ప్రేక్షకులు ఒక ముఖం చూశారు, అది ఆమ్‌స్టర్‌డామ్‌ది. అయిదేళ్లు, 158 ఎపిసోడ్లు.

ఆ షో టైటిల్ మ్యూజిక్ ఎర్ల్ హేగన్‌ది. దానికి ఆమ్‌స్టర్‌డామ్ మాటలు రాశాడు. షోలో మాత్రం ఎప్పుడూ వినిపించలేదు, ట్యూన్ ఒక్కటే వచ్చేది. ఆ మాటలను చాలా ఏళ్ల తర్వాత డిక్ వాన్ డైక్ వేదికల మీద పాడాడు, ఎవరు రాశారో పేరు చెప్పి మరీ.