విడాల్ పాజిటివ్ అయితే టైఫాయిడేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. జ్వరాల సీజన్ మొదలైతే చాలు, కౌంటర్ దగ్గర ఒకటే మాట: "మేడం, టైఫాయిడ్ ఇంకా తగ్గలేదంట, మళ్ళీ ఒకసారి చూడండి." జ్వరం ఉందా అంటే లేదు. నీరసం ఉంది, ఆకలి లేదు, చేతిలో పాత రిపోర్టు ఉంది. టైఫాయిడ్ కోసం చేసే విడాల్ అనే ఈ ఒక్క రక్త పరీక్ష పేరు చెప్పి జనం పోగొట్టుకునే డబ్బు, పాడు చేసుకునే ఒళ్ళు చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: విడాల్ పాజిటివ్ వచ్చిందంటే ఒంట్లో టైఫాయిడ్ ఉన్నట్టే.

వాస్తవం: కాదు. విడాల్‌లో క్రిమి కనపడదు, క్రిమి మీద మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలు మాత్రమే తెలుస్తాయి. మేం చేసేదేంటంటే, పలక మీద మీ సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) చుక్కలు వేసి, ఒకదాంట్లో నీలం రంగు 'ఓ' యాంటిజెన్, ఇంకోదాంట్లో ఎర్ర రంగు 'హెచ్' యాంటిజెన్ (రెండూ టైఫాయిడ్ క్రిమి భాగాలే) కలిపి, నిమిషం పాటు అటూ ఇటూ ఊపి, లైటు కింద పెట్టి రవ్వరవ్వగా విరిగిందా లేదా అని కంటితో చూడటం. నాకు సన్నగా కనిపించిన రవ్వ పక్క ల్యాబ్ వాళ్ళకి కనిపించకపోవచ్చు. 1896లో ఫ్రాన్స్‌లో విడాల్ అనే డాక్టర్ చెప్పిన పద్ధతి ఇది, ఆ రోజుల్లో గొప్పదే.

టైఫాయిడ్ వచ్చి పూర్తిగా తగ్గిపోయాక కూడా ఈ యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి, హెచ్ అయితే ఏళ్ళు కూడా ఉండొచ్చు. టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతుండే మనలాంటి చోట ఏ జబ్బూ లేని మనిషికి కూడా 1:80 (అంటే సీరాన్ని 80 రెట్లు పలచన చేసినా రవ్వ కనిపించడం) రావడం మామూలే. మలేరియా లాంటి వేరే జ్వరాల్లోనూ పాత యాంటీబాడీలు పెరుగుతాయి. ఒక్క విడాల్ చూసి టైఫాయిడ్ ఉందనడం, గుండు చూసి ఈ మనిషి ఇంకా కొండమీదే ఉన్నాడనడం లాంటిది. పోనీ నెగటివ్ వస్తే లేనట్టేనా అంటే అదీ కాదు, నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో నెగటివ్ రావచ్చు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తే కాస్త అర్థం ఉంటుంది, కానీ అంతవరకు ఎవరు ఆగుతారు?

పుత్తూరు వైపు నుంచి ఒకావిడ డిగ్రీ చదివే కూతుర్ని తీసుకొచ్చింది. బట్టల షాపు కవర్లో రిపోర్టులన్నీ తారీఖుల ప్రకారం పేర్చి పెట్టింది, అన్నిట్లోనూ టీఓ (ఓ యాంటిజెన్‌తో వచ్చిన రీడింగు) 1:160. రిపోర్టు వచ్చినప్పుడల్లా ఒక విడత ఇంజెక్షన్లు. పిల్లకి జ్వరం తగ్గి నెలలైంది, అయినా బన్ను, జావ తప్ప ఏమీ పెట్టడం లేదు. "రక్తంలోంచి పోవాలి కదా మేడం, పోయేదాకా అన్నం పెట్టొద్దన్నారు." ఆమెను ఏమనగలం, అప్పు చేసి మరీ జాగ్రత్త పడింది పాపం. డాక్టర్ చెప్పి చేయించిన రక్త పరీక్షలో బయటపడింది రక్తహీనత. విడాల్ నెగటివ్ వచ్చేదాకా మందులు వాడాలని ఏ వైద్య పుస్తకంలోనూ లేదు. కోర్సు అయిపోయి జ్వరం తగ్గాక ఆ టెస్టు మళ్ళీ చేయించకండి, ల్యాబ్‌లో పని చేసేదాన్ని నేనే చెప్తున్నాను.

ఇంకో నష్టం ఇంతకన్నా పెద్దది. మన వైపు వానలు తగ్గాక పొలాలకీ గట్లకీ తిరిగేవాళ్ళకి స్క్రబ్ టైఫస్ వస్తుంది. పేరు దగ్గరగా ఉన్నా టైఫాయిడ్‌కీ దీనికీ సంబంధం లేదు, పొదల్లో ఉండే చిన్న నల్లి లాంటి పురుగు పిల్ల కుడితే వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో నల్లగా పొక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. విడాల్ పాజిటివ్ అని టైఫాయిడ్‌కిచ్చే సెఫ్‌ట్రయాక్సోన్ ఎక్కిస్తూ కూర్చుంటే దీనికి పనిచేయదు, పనిచేసేది డాక్సీసైక్లిన్. ఈలోగా ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

మరి ఏం చేయించాలి? బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని బాటిల్లో పెట్టి అందులో క్రిమి పెరుగుతుందేమో చూడటం, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే. పెద్దవాళ్ళకి ఒక్కో బాటిల్‌కి 8 నుంచి 10 ఎంఎల్ రక్తం కావాలి, "అంత రక్తమా" అని కంగారు పడకండి. క్రిమి పెరిగితే టీఎస్ఐ అనే, క్రిమిని బట్టి రంగు మారే ట్యూబులో పెడతాం. పైన ఎరుపు, కింద పసుపు, మధ్యలో మీసంలా సన్నటి నల్ల గీత వచ్చిందంటే టైఫాయిడ్ క్రిమి అయిన సాల్మొనెల్లా టైఫీ అని అనుమానం, ఆ తర్వాత ఖాయం చేసుకుంటాం. ఏ మందుకి లొంగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒకప్పుడు అందరికీ రాసిన సిప్రోఫ్లాక్సాసిన్‌కి మన దేశంలో ఇప్పుడది పెద్దగా లొంగడం లేదు.

మిగతావి గబగబా చెప్తాను. కోడిగుడ్డు, చికెన్ తింటే టైఫాయిడ్ రాదు, టైఫీ మనుషుల్లో మాత్రమే బతుకుతుంది, మనిషి మలం కలిసిన నీళ్ళ వల్ల, తిండి వల్ల వస్తుంది. సాల్మొనెల్లాలో 2,500కి పైగా రకాలున్నాయి. సరిగా ఉడకని గుడ్లు, మాంసంతో వచ్చేది టైఫిమ్యూరియం, ఎంటరైటిడిస్ లాంటివి. తిన్న గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వాంతులు, విరేచనాలు, జ్వరం. మామూలుగా వారంలోపు తగ్గుతుంది, చాలామందికి ఓఆర్‌ఎస్ చాలు, పసిపిల్లలకీ ముసలివాళ్ళకీ అయితే డాక్టర్ చూడాలి. పారాటైఫాయిడ్ అంటే ఉత్తుత్తి టైఫాయిడ్ కాదు, దానికీ అదే వైద్యం, పైగా టైఫాయిడ్ టీకా దాన్ని ఆపదు. అలాగని టీకా దండగ కాదు, హైదరాబాద్‌లో తయారయ్యే కాంజుగేట్ టీకా 6 నెలలు దాటిన పిల్లలకి కూడా వేయొచ్చు. జబ్బు తగ్గినవాళ్ళలో కొందరికి పిత్తాశయంలో క్రిమి ఉండిపోతుంది, వాళ్ళకి ఏమీ తెలియదు, వాళ్ళు వండింది తిన్నవాళ్ళకి వస్తుంది.

పథ్యం సంగతి: ఇడ్లీ, పెరుగన్నం, గుడ్డు, మెత్తగా చేసిన సంగటి, అరిగేది ఏదైనా పెట్టండి. అయితే రెండు మూడు వారాల జ్వరంలో ఉన్నట్టుండి కడుపునొప్పి ఎక్కువైనా, పొట్ట గట్టిపడినా, విరేచనం నల్లగా తారులా పోయినా పేగు చిల్లుపడిందేమో, లోపల రక్తం పోతోందేమో అని అనుమానించాలి. అప్పుడు తెల్లారేదాకా ఆగకండి, సర్జన్ ఉండే పెద్దాసుపత్రికి ఆ రాత్రే బయల్దేరండి.