ఖ్మేర్ నేలకు వెళ్తున్న పిల్లలకు

బుజ్జీ, చిన్నా,

ఇద్దరికీ ఆశీస్సులు. డిసెంబరు సెలవుల్లో మీరు కంబోడియా వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! నేను చూసిన దేశాల్లో నాకు బాగా దగ్గరైనది అదే. ఫోన్‌లో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. విమానంలో చదువుకోండి.

ముందు ఒక అపోహ తీర్చాలి. "ప్రపంచంలోకెల్లా పెద్ద గుడి కంబోడియాలో ఉంది, అది మనవాళ్ళే కట్టారు" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఆంగ్‌కోర్ వాట్ చాలా పెద్ద గుడి అన్నది నిజం. విష్ణువు కోసం కట్టారన్నదీ నిజం. కానీ కట్టింది మనం కాదు. పన్నెండో శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ అనే అక్కడి ఖ్మేర్ జాతి రాజు కట్టించాడు. రాయి కోసింది, మోసింది, చెక్కింది ఖ్మేర్ జనం. మన తూర్పు తీరం నుంచి ఓడల్లో వ్యాపారులు వెళ్ళారు, పండితులు వెళ్ళారు, బౌద్ధ భిక్షువులు వెళ్ళారు. వాళ్ళతో పాటు రామాయణం, భారతం, శివుడు, విష్ణువు, బుద్ధుడు, అక్షరాలు చేరాయి. ఖ్మేర్ లిపి దక్షిణ భారతంలోని పల్లవుల కాలపు లిపి నుంచి వచ్చింది, అంటే మన అక్షరాలకు దూరపు చుట్టం. ఇంతవరకే మన బంధుత్వం. ఆ కథలతో, ఆ దేవుళ్ళతో వాళ్ళు చేసుకున్నదంతా వాళ్ళ సొంతం. అక్కడికి వెళ్ళి గైడుతోనో ఆటో అతనితోనో "ఇదంతా మాదే" అనకండి. చాలామంది మనవాళ్ళు అంటారు, విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మీరు ఆంగ్‌కోర్ గుళ్ళకి దగ్గరున్న సియెం రీప్ ఊళ్ళో దిగుతారు. అక్కడ తిరగడానికి రెమోర్క్ అనే బండి ఉంటుంది, మోటారు సైకిలు వెనక తగిలించిన నాలుగు సీట్ల బండి. చిన్నాకి పన్నెండు నిండలేదు కాబట్టి ఆంగ్‌కోర్ గుళ్ళ టికెట్ అక్కర్లేదు, కానీ వయసు చూపించడానికి పాస్‌పోర్టు దగ్గర ఉండాలి. అదే కారణంతో ఆంగ్‌కోర్ వాట్‌లో అన్నిటికంటే పై అంతస్తుకి వాణ్ణి ఎక్కనివ్వరు, మెట్లు అంత నిటారుగా ఉంటాయి. అలగొద్దని ఇప్పుడే చెప్తున్నాను. అసలు చూడాల్సినవి కింది వసారాల్లోనే ఉన్నాయి.

ఆ వసారాల గోడల నిండా బొమ్మలే. తూర్పు వైపు దక్షిణ భాగంలో క్షీరసాగర మథనం ఉంది. దాదాపు 49 మీటర్ల పొడవు. ఒక పక్క అసురులు, ఇంకో పక్క దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు, మధ్యలో విష్ణువు, కింద తాబేలు. అసురులు 92 మంది, దేవతలు 88 మంది. చిన్నా, లెక్కపెట్టి చూడు. దేవతల వరస చివర పాము తోక పట్టుకుని ఒక వానరుడు ఉంటాడు. మన కథలో సముద్రం చిలికిన చోటుకి వానరుడు ఎప్పుడొచ్చాడని అడుగుతావు కదూ? వాళ్ళ కథలో వచ్చాడు. నేను పైన చెప్పింది ఇదే. పడమటి వైపు కురుక్షేత్ర యుద్ధం ఉంటుంది, అందులో అంపశయ్య మీద భీష్ముణ్ణి బుజ్జి పోల్చుకోవాలి. అదే వైపు ఉత్తర భాగంలో లంకా యుద్ధం.

అందరూ తెల్లవారుజామునే ఆంగ్‌కోర్ వాట్ ముందున్న కొలను దగ్గర ఫొటోల కోసం గుంపు కడతారు. వెళ్ళండి, బాగానే ఉంటుంది. కానీ నన్నడిగితే మీరు ఎక్కువసేపు గడపాల్సింది బాయోన్‌లో. ఏడవ జయవర్మ 1181లో రాజయ్యాక కట్టించిన ఆంగ్‌కోర్ థోమ్ నగరానికి నడిబొడ్డున ఉంది అది. గోపురాల మీద చిరునవ్వుతో పెద్ద పెద్ద ముఖాలు. అందరూ తలెత్తి వాటినే చూస్తూ వెళ్ళిపోతారు. మీరు కిందికి చూడండి. బయటి వసారా గోడ మీద దేవుళ్ళు కాదు, మామూలు మనుషులు ఉన్నారు. కోడిపందెం ఆడేవాళ్ళు, చేపలు అమ్మే ఆడవాళ్ళు, అన్నం వండేవాళ్ళు, ప్రసవిస్తున్న తల్లి, ఎడ్లబండి మీద సామాను, పొరుగు రాజ్యమైన చంపా నుంచి వచ్చిన చామ్ సేనలతో పడవల మీద యుద్ధం, ఆ పడవల కింద ఈదే చేపలు. 1296లో చైనా రాయబారులతో కలిసి వచ్చిన జౌ దాగ్వాన్ అనే ఆయన, ఇక్కడ బజారు వ్యాపారమంతా ఆడవాళ్ళదే అని రాసుకున్నాడు. మీరు సియెం రీప్ పాత మార్కెట్‌కి వెళ్ళి చూడండి, త్రాసు ఇప్పటికీ ఎవరి చేతిలో ఉందో.

ఈ ఏడవ జయవర్మ బౌద్ధుడు. దేశమంతా 102 వైద్యశాలలు పెట్టించాడని శాసనాలు చెప్తాయి. దారుల వెంట బాటసారులకి సత్రాలు కట్టించాడు. తల్లి పేరున 1186లో టా ప్రోమ్, తండ్రి పేరున 1191లో ప్రేహ్ ఖాన్ ప్రతిష్ఠించాడు. టా ప్రోమ్ అంటే చెట్ల వేళ్ళు గోడల్ని చుట్టేసిన గుడి, ఫొటోల్లో చూసే ఉంటారు. దాన్ని నిలబెట్టే పనిలో మన భారత పురావస్తు శాఖ వాళ్ళు చాలా ఏళ్ళుగా ఉన్నారు. ఆంగ్‌కోర్ వాట్‌లో కూడా 1986 నుంచి 1993 దాకా మనవాళ్ళు మరమ్మతులు చేశారు. అప్పటికి ఆ దేశంలో యుద్ధం పూర్తిగా ఆగలేదు. గర్వపడాలంటే ఆ పని చూసి పడండి.

ఇంత రాయి, ఇంత నగరం ఎలా నిలిచాయో అర్థం కావాలంటే గుళ్ళు వదిలి నీళ్ళ దగ్గరికి వెళ్ళాలి. సియెం రీప్‌కి ఉత్తరాన ఫ్నోమ్ కులేన్ కొండలున్నాయి. 802లో రెండవ జయవర్మ అక్కడే తనను చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. గుళ్ళకి ఇసుకరాయి అక్కణ్ణించే వచ్చింది, నగరానికి నీళ్ళూ అక్కణ్ణించే. కొండ మీద ఏటి అడుగున రాతిలోనే వందల శివలింగాలు చెక్కారు. వాటి మీదుగా పారిన నీరు కిందికి దిగి పొలాలకి వెళ్తుంది. కింద మైదానంలో వాళ్ళు బరాయ్ అనే పెద్ద చెరువులు తవ్వారు. పడమటి బరాయ్ పొడవు దాదాపు ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు రెండు. వెయ్యేళ్ళ కిందటిది, ఇప్పటికీ అందులో నీళ్ళున్నాయి. ఆ నీటితో పండిన వరే ఆ గుళ్ళు కట్టిన చేతులకి తిండి పెట్టింది.

ఆ గుళ్ళ కింద ఉన్నది ఇసుక నేల. ఇసుకలో తేమ నిలిచి ఉన్నంతకాలం పునాది గట్టిగా ఉంటుంది. ఎండిపోతే కుంగుతుంది. కందకాలూ చెరువులూ నిండుగా ఉండడం గుళ్ళకి కూడా అవసరమే. మీరు పోయినేడు రామప్ప గుడికి వెళ్ళినప్పుడు పునాది కింద ఇసుక సంగతి విన్నారు గుర్తుందా? అది 1213 నాటిది. అక్కడ బాయోన్ గోపురాలు లేచిన రోజుల్లోనే ఇక్కడ కాకతీయులు గుడీ చెరువూ పక్కపక్కన కట్టారు. ఇంకో మాట. సియెం రీప్‌లో హోటళ్ళు పెరిగి భూగర్భ జలం తోడేయడం పెద్ద సమస్య అయింది. హోటల్లో షవర్ కింద అరగంట నిలబడకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది: టోన్లే సాప్. సియెం రీప్‌కి దక్షిణాన ఉన్న పెద్ద సరస్సు. దాన్నుంచి ఒక నది బయల్దేరి రాజధాని ఫ్నోమ్ పెన్ దగ్గర మెకాంగ్ నదిలో కలుస్తుంది. వానాకాలంలో మెకాంగ్ ఉప్పొంగి నీటిమట్టం ఎంత పెరుగుతుందంటే, ఈ నది కలవాల్సింది పోయి వెనక్కి తిరిగి సరస్సులోకి పారుతుంది. సుమారు జూన్‌లో తిరుగుతుంది, నవంబరు నాటికి మళ్ళీ మామూలు దారి పడుతుంది. ఎండాకాలంలో 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు, వరద నిండాక పదహారు వేల దాకా పరుచుకుంటుంది. ఒడ్డున ఉన్న అడవి మునిగిపోతుంది. చేపలు ఆ మునిగిన చెట్ల మధ్యకి వెళ్ళి తిని పెరుగుతాయి. నీరు తీసేటప్పుడు వాటితో పాటు దిగి వస్తాయి, అప్పుడు జాలరులకి పండగ. నది దారి మళ్ళే సమయానికి నవంబరు పౌర్ణమికి ఫ్నోమ్ పెన్‌లో పడవ పందేలు జరుగుతాయి. మీరు డిసెంబరులో వెళ్తున్నారు కాబట్టి అది చూడలేరు, కానీ సరస్సులో ఇంకా నీళ్ళుంటాయి.

కాంపోంగ్ ఫ్లుక్ అనే ఊరికి పడవలో వెళ్ళండి. ఇళ్ళన్నీ రెండు మూడు నిలువుల ఎత్తు కర్రల మీద ఉంటాయి. ఎండాకాలంలో ఆ కర్రల కింద పిల్లలు ఆడుకుంటారు, వరదల్లో అదే చోట పడవలు తిరుగుతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, అది చూపించడానికి కట్టిన ఊరు కాదు. తలుపు తెరిచి ఉంది కదా అని ఇంట్లోకి ఫోన్ పెట్టి ఫొటో తీయకండి. మన ఇంటి గుమ్మంలోకి ఎవరో వచ్చి అన్నం తింటున్న మిమ్మల్ని ఫొటో తీస్తే ఊరుకుంటారా? పైన మెకాంగ్ మీద కడుతున్న ఆనకట్టల వల్ల, వానలు తప్పడం వల్ల కొన్నేళ్ళుగా సరస్సుకి వరద తగ్గుతోంది, చేపలు తగ్గుతున్నాయి. పడవ నడిపే అతన్ని అడగండి, మీకు ఏ పాఠ్యపుస్తకం కంటే బాగా చెప్తాడు.

ఊళ్ళలో తిరిగితే మీకు కొత్త అనిపించనిది తాటిచెట్టు. వరి గట్ల మీద ఎటు చూసినా తాళ్ళే. అది వాళ్ళ జాతీయ వృక్షం. చెట్టుకి వెదురు నిచ్చెన కట్టి ఎక్కుతారు, వెదురు గొట్టాల్లో నీరా దింపుతారు, పెద్ద మూకుళ్ళలో కాచి బెల్లం చేస్తారు. బాంటియే స్రే గుడికి వెళ్ళే దారిలో రోడ్డు పక్కనే కాస్తుంటారు. అక్కడ ఆగి వేడి వేడి తాటిబెల్లం కొనుక్కోండి, నాకూ కొంచెం తెండి. బాంటియే స్రే చిన్న గుడి, 967లో ప్రతిష్ఠ, గులాబీ రంగు ఇసుకరాయి, చెక్కడం ఎంత సన్నగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

ఇంకొకటి. భాద్రపదంలో మనం మహాలయ పక్షం అని పితృదేవతల్ని తలుచుకుంటాం కదా, వాళ్ళు అవే రోజుల్లో ప్చుమ్ బెన్ చేస్తారు. పదిహేను రోజులు బౌద్ధ విహారాలకి అన్నం ముద్దలు పట్టుకెళ్తారు. మీరు వెళ్ళే రోజుల్లో ఇది ఉండదు, కానీ ఏదైనా ఊరి విహారంలో ఒక పెద్దావిడని అడిగి చూడండి, ఆవిడకి చెప్పడానికి చాలా ఉంటుంది.

తోలుబొమ్మలాట కూడా అడగండి. మన బొమ్మలకి చేతులూ కాళ్ళూ కదులుతాయి, రంగులుంటాయి. వాళ్ళ స్బెక్ థోమ్‌లో ఒక్కో బొమ్మ మనిషంత పెద్ద తోలు పలక, కదలదు. దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని మనిషే నాట్యం చేస్తాడు. వెనక మంట, ముందు తెర. ఆడేది రామకథే, వాళ్ళు రీమ్‌కేర్ అంటారు. అందులో హనుమంతుడు ఒక మత్స్యకన్యని ప్రేమిస్తాడు! విని నవ్వకండి, వాళ్ళకి అది చాలా ప్రియమైన ఘట్టం.

ఈ కళలు ఇంకా ఉన్నాయంటే చిన్న సంగతి కాదు. ఎందుకో మీకు తెలియాలి. 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి దాకా ఆ దేశాన్ని ఖ్మేర్ రూజ్ అనే పార్టీ పాలించింది. పట్టణాలు ఖాళీ చేయించి అందరినీ పొలాలకి తోలారు. చదువుకున్నవాళ్ళని, నాట్యం చేసేవాళ్ళని, భిక్షువుల్ని వెతికి మరీ చంపారు. ఆకలితో, రోగాలతో, హత్యలతో సుమారు 17 లక్షల మంది పోయారు. ఫ్నోమ్ పెన్‌లో ఒక హైస్కూలుని టూల్ స్లెంగ్ అనే జైలుగా మార్చారు, ఇప్పుడది మ్యూజియం. బుజ్జి వెళ్ళొచ్చు, అమ్మతో కలిసి. చిన్నాకి ఇంకా వయసు రాలేదని నా అభిప్రాయం. మీకు కనిపించే ప్రతి తాతా, ప్రతి నాయనమ్మా ఆ రోజులు దాటి వచ్చినవాళ్ళే. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి, తవ్వి అడగొద్దు.

యుద్ధాలు పోయినా మందుపాతరలు నేలలో మిగిలాయి. మీరు వెళ్ళే పెద్ద గుళ్ళ దగ్గర భయం లేదు. కానీ పల్లెల్లో, అడవి దారుల్లో నడిచేటప్పుడు కాలిబాట వదిలి ఒక్క అడుగు కూడా పక్కకి వేయకూడదు, నేల మీద ఏ ఇనప ముక్కనీ ముట్టుకోకూడదు. ఇందులో బేరాల్లేవు. ఆ పాతరల్ని వాసన పట్టే ఆఫ్రికా పెద్ద ఎలుకలు సియెం రీప్‌లో ఉన్నాయి, వెళ్ళి చూడండి. తేలికగా ఉంటాయి కాబట్టి పాతర మీద నడిచినా పేలదు. మగావా అనే ఎలుక 2020లో ధైర్యానికి బంగారు పతకం అందుకుంది, పని మానేసే నాటికి వందకు పైగా పాతరల్నీ పేలని బాంబుల్నీ కనిపెట్టింది. ప్రేహ్ విహేర్ కొండ గుడి మాత్రం ఈసారికి వద్దని మీ నాన్నకి చెప్పాను. 2025లో థాయిలాండ్‌తో సరిహద్దులో కాల్పులు జరిగాయి, ఆ టెన్షన్ మనకెందుకు.

గుళ్ళకి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. ఎవరి తలా ముట్టుకోవద్దు, ముద్దుగా ఉన్నా సరే. పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టేటప్పుడు చేతులు కాస్త పైకెత్తి పెట్టండి. గుళ్ళ దగ్గర మీ వయసు పిల్లలు పోస్టుకార్డులు అమ్ముతూ వస్తారు. కొనకండి. కష్టంగా ఉంటుంది, తెలుసు. కానీ అమ్మకం సాగినంతకాలం వాళ్ళని బడికి పంపరు. అనాథాశ్రమానికి తీసుకెళ్తామని ఎవరైనా అంటే అసలు వెళ్ళొద్దు. పిల్లలు చూడ్డానికి పెట్టిన వస్తువులు కారు.

ఆ డబ్బు ఖర్చు పెట్టాలనుంటే ఫారే సర్కస్‌కి వెళ్ళండి. శరణార్థి శిబిరంలో బొమ్మలు గీయడం నేర్చుకున్న కుర్రాళ్ళు తిరిగొచ్చి 1994లో బాట్టంబాంగ్‌లో పెట్టిన బడి అది. అక్కడ చదువూ, సంగీతమూ, గారడీ విద్యలూ నేర్పుతారు. ఆ బడి పిల్లలే పెద్దయ్యి సియెం రీప్‌లో రోజూ సాయంత్రం ప్రదర్శన ఇస్తారు, టికెట్ల డబ్బుతో బడికి ఆసరా అవుతుంది. డిసెంబరులో రద్దీ ఎక్కువ. సీట్లు ముందే బుక్ చేయమని నాన్నకి ఈరోజే చెప్పండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ