బీఈడీ ఉంది కదా, ఎస్జీటీకి సరిపోదా?

డీఎడ్ ప్రవేశ పరీక్ష డీసెట్ కౌన్సెలింగ్ రోజులొస్తే, ప్రైమరీ టీచర్లను తయారుచేసే మా డీఎడ్ కాలేజీలో తల్లిదండ్రులు అడిగే మొదటి మాట ఇదే: "సార్, ఇంటర్ తర్వాత ఈ రెండేళ్లు ఎందుకు? డిగ్రీ, బీఈడీ చేయిస్తే ఎస్జీటీ (ప్రైమరీ టీచరు పోస్టు), స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచరు పోస్టు) రెండూ రాయొచ్చట కదా!"

రాయలేరు. 2018 జూన్ 28న టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ ఆ వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. రాజస్థాన్ హైకోర్టు దాన్ని కొట్టేసింది, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత కాదు. అంతే.

ఇప్పుడు కొత్త పుకారు, బ్రిడ్జి కోర్సు. ఆరు నెలలు చదివితే బీఈడీ వాళ్లకు మళ్లీ ఎస్జీటీ తలుపు తెరుచుకుంటుందని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఆ కోర్సు ఆ తీర్పుకు ముందే బీఈడీతో ప్రైమరీ ఉద్యోగాల్లో చేరినవాళ్ల కోసం. కొత్తగా రాసేవాళ్లకు కాదు. పోయినేడు ఒకమ్మాయి బీఈడీ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చింది. కోచింగ్ సెంటర్ మాట నమ్మి ఏడాదిగా ఎస్జీటీ సిలబస్ చదువుతోంది. విషయం చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మా, నీ బీఈడీ ఎక్కడికీ పోలేదు, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పేపర్-2 రాసి స్కూల్ అసిస్టెంట్‌కు చదువుకో అన్నాను. పోయిన ఏడాదిని మాత్రం నేను తెచ్చివ్వలేను కదా.

మిగతా అపోహల సంగతి త్వరగా చెప్పేస్తాను. టెట్ ఏడేళ్లే చెల్లుతుందనేది పాత మాట, 2021 నుంచి జీవితకాలం చెల్లుతుంది. టెట్ పాసైతే ఉద్యోగం వచ్చినట్టు కాదు, టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ, అంతవరకే. కోర్సులో మనమే రాయాల్సిన రికార్డులు కొనుక్కుని గట్టెక్కొచ్చని సీనియర్లు చెబితే వినకండి.

"ఒకటో తరగతి చెప్పడానికి మెథడాలజీ (బోధన పద్ధతులు) ఎందుకు" అనే మాటకే నాకు మనసు చివుక్కుమంటుంది. టీచింగ్ ప్రాక్టీస్‌లో మా విద్యార్థి ఒకడు మూడో తరగతి పిల్లవాడి పలక చూపించి, "సార్, వీడికి తీసివేతలు రావు" అన్నాడు. పలక మీద 52లోంచి 38 తీస్తే 26 అని ఉంది. పిల్లవాణ్ణే అడిగి చూడమన్నాను. "ఎనిమిదిలోంచి రెండు తీస్తే ఆరు, ఐదులోంచి మూడు తీస్తే రెండు" అన్నాడు వాడు. వాడికి తీసివేత వచ్చు. రానిది స్థానవిలువ. పై అంకె చిన్నదైతే పదుల దగ్గర అప్పు తేవాలని తెలియక, ఎక్కడ పెద్ద అంకె కనిపిస్తే అందులోంచి తీసేశాడు. మా వాడు చీపురు పుల్లలు తెప్పించి, పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టించి, రెండు పుల్లలు విడిగా పెట్టించాడు. మూడు కట్టలు తీసేశాక ఎనిమిది పుల్లలు కావాలి, విడిగా ఉన్నవి రెండే. పిల్లవాడు కాసేపు చూసి, ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట దారం విప్పాడు.