జబ్బులో ప్రార్థన: వార్డులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

నేను ఒక మిషన్ ఆసుపత్రిలో చాప్లిన్‌ని, అంటే రోగుల దగ్గర కూర్చుని వాళ్లతో ప్రార్థించే పాస్టర్‌ని. క్యాన్సర్ వార్డు, డయాలసిస్ గది, ఐసీయూ బయట బల్లలు, రోజులో ఎక్కువసేపు నేనుండేది అక్కడే. ప్రార్థన జబ్బుమనిషిని ఎలా నిలబెడుతుందో చూశాను. ప్రార్థన పేరుతో అన్న ఒక్క మాట ఎంత కుంగదీస్తుందో కూడా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: విశ్వాసం చాలకో, దాచుకున్న పాపం వల్లో జబ్బు తగ్గట్లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ గాయం చేసేది ఈ మాటే. రొమ్ము క్యాన్సర్‌తో మూడో కీమోకి వచ్చిన ఒకామెను చూడ్డానికి సంఘం వాళ్లు వచ్చారు. పాట పాడారు, ప్రార్థన చేశారు. వెళ్తూ వెళ్తూ ఒకావిడ, “ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో చూసుకో అమ్మా” అంది. మంచి మనసుతోనే అని ఉంటుంది. ఆ రాత్రి పేషెంటు కంటి మీద కునుకు లేదు. పొద్దున నర్సు కబురు పెడితే వెళ్లాను. ల్యాబ్ రసీదు వెనక పెన్సిల్‌తో పాపాల జాబితా రాసుకుని కూర్చుంది. చిన్నప్పుడు వాళ్లమ్మ కొంగుముడిలోంచి తీసిన రెండు రూపాయలు. తోటికోడలితో నాలుగేళ్లుగా మాట్లాడకపోవడం. “ఇంకేమన్నా మర్చిపోయానా అయ్యగారూ?” అని అడిగింది.

యోహాను సువార్త 9వ అధ్యాయం తీశాను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే: ఎవరి పాపం, వీడిదా, కన్నవాళ్లదా? ఇద్దరిదీ కాదన్నాడు యేసు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, “నా కృప నీకు చాలును” అన్న జవాబు వచ్చింది. తనతో తిరిగే త్రోఫిము జబ్బుపడితే పౌలు అతన్ని మిలేతులో వదిలి వెళ్లాల్సి వచ్చింది. పౌలు శిష్యుడు తిమోతికి తరచూ కడుపు బాధలు. వీళ్లకి విశ్వాసం తక్కువని ఎవరనగలం? ఆ రసీదు ఆమే చింపేసింది. తోటికోడలికి మాత్రం సాయంత్రం ఫోన్ చేసింది.

అపోహ: ప్రార్థన చేశాక కూడా మందులు వాడితే దేవుణ్ణి నమ్మనట్టే.

వాస్తవం: హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు యెషయా ప్రవక్త. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, 1900లో వేలూరులో ఒక్క మంచంతో ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడర్ విశ్వాసంతోనే వైద్యం చేశారు.

స్వస్థత కూటం నుంచి వచ్చి మాత్రలు ఆపేసినవాళ్లు ఐసీయూకి రావడం నేను చూశాను. ఇన్సులిన్ తప్పనిసరి అయినవాళ్లు ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. టీబీ మందులు మధ్యలో మానేస్తే మందులకి లొంగని టీబీ తయారవ్వచ్చు. బాగయిందని అనిపిస్తే పరీక్ష చేయించుకోండి. యేసు కూడా పదిమంది కుష్ఠరోగులను వెళ్లి యాజకులకు చూపించుకోమన్నాడు. ఆ రోజుల్లో తగ్గిందని చెప్పాల్సింది యాజకుడు. మనకి డాక్టర్.

అపోహ: జబ్బుమనిషి ఉపవాసం ఉంటేనే ప్రార్థన ఫలిస్తుంది.

వాస్తవం: షుగర్ మందులు వేసుకునేవాళ్లు, కీమోలో ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఉపవాసం ఉండొద్దు. ఆరోగ్యంగా ఉన్న ఇంట్లోవాళ్లు వాళ్ల తరఫున ఉండొచ్చు. ప్రార్థన నూనె సంగతీ ఇక్కడే చెప్తాను. యాకోబు పత్రికలో ఉన్నదే కాబట్టి నేనూ రాస్తాను, నుదుటి మీద వేలికొసతో. రేడియేషన్ కోసం చర్మం మీద గీసిన గుర్తుల మీద మాత్రం రాయకండి, అవి చెరిగిపోతాయి.

అపోహ: ఎంత ఎక్కువమంది ప్రార్థిస్తే ఆపరేషన్ అంత బాగా జరుగుతుంది.

వాస్తవం: 2006లో అమెరికాలో 1,802 మంది బైపాస్ పేషెంట్ల మీద చేసిన అధ్యయనం వెలువడింది. ఇతరులు ప్రార్థించినందువల్ల కాంప్లికేషన్లు తగ్గలేదు. తమకోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవాళ్లలో అవి కాస్త ఎక్కువే, 59 శాతం మందికి వచ్చాయి. ఇది చదివి నా ప్రార్థన ఆగలేదు. కానీ ఫలితం గురించి ఎవరికీ మాట ఇవ్వను. థియేటర్‌కి తీసుకెళ్లే ముందు చెయ్యి పట్టుకుని ప్రార్థిస్తే బిగుసుకున్న వేళ్లు వదులవుతాయి. నాకు తెలిసింది అంతవరకే.

అపోహ: నొప్పి ఓర్చుకోవడమే సిలువ మోయడం, మార్ఫిన్ వద్దు.

వాస్తవం: 1967లో లండన్‌లో, చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన డాక్టర్ సిసిలీ సాండర్స్ గట్టి క్రైస్తవురాలు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకి మార్ఫిన్ ఇవ్వాలని నేర్పింది ఆమే. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి పరలోక ప్రార్థన కూడా నోటికి రాదు.

అపోహ: విశ్వాసి ఏడవకూడదు, దేవుణ్ణి నిలదీయకూడదు.

వాస్తవం: డయాలసిస్‌కి వచ్చే ఒకాయన నాలుగు గంటలూ గోడవైపే చూస్తూ ఉండేవాడు. “ప్రభువుకి స్తోత్రం చెప్పు” అని ఇంట్లో అంటుంటే ఒళ్లు మండేదట. ఒకరోజు 13వ కీర్తన చదివాను: “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” తర్వాత 88. ఆ కీర్తన చివరి దాకా చీకటే, ఓదార్పు మాటతో ముగియదు. ఆయన నావైపు తిరిగి, “ఇదీ బైబిల్లోనే ఉందా?” అన్నాడు. పుస్తకం చేతికిచ్చి చూపించాను. సూదులు లేని చేత్తో పట్టుకుని, పెదాలు కదుపుతూ మొదటినుంచి తనే చదువుకున్నాడు. ఏడ్చాడు కూడా. నేనేమీ మాట్లాడలేదు, మెషీన్ ఆగేదాకా పక్కన స్టూలు మీద కూర్చున్నాను.