ఏ బైబిల్ చదవాలి? అమెరికా కేథలిక్ బడుల గొడవ వెనుక కథ

2025 మే 22న అమెరికా సుప్రీంకోర్టు ఓక్లహోమా కేసులో 4–4గా చీలిపోయింది. దాంతో కింది కోర్టు తీర్పే నిలిచింది. సెయింట్ ఇసిడోర్ అనే కేథలిక్ ఆన్‌లైన్ స్కూలు ప్రభుత్వ సొమ్ముతో నడవడానికి వీల్లేదు. మన దగ్గర ఆర్సీఎం (రోమన్ కేథలిక్ మిషన్) స్కూళ్లలో ఎయిడెడ్ టీచర్లకు ప్రభుత్వమే జీతాలివ్వడం చూసినవాళ్లకి ఇందులో అంత గొడవేముందో ఓ పట్టాన అర్థం కాదు. అసలు ఈ తగాదా ముదిరింది డబ్బు దగ్గర కాదు, బైబిల్ దగ్గర.

19వ శతాబ్దంలో అక్కడి ప్రభుత్వ బడులు పేరుకే అందరివీ. చదివించేది ప్రొటెస్టంట్ల కింగ్ జేమ్స్ బైబిల్. ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన కేథలిక్కులది డూయే బైబిల్. మా పిల్లల్ని మా బైబిల్ చదువుకోనివ్వండని 1842లో ఫిలడెల్ఫియా బిషప్ ఫ్రాన్సిస్ కెన్రిక్ అడిగారు. ఊళ్లో మాత్రం బడి నుంచి బైబిల్‌నే తీసేయమంటున్నారని పాకింది. 1844 మే అల్లర్లలో రెండు కేథలిక్ చర్చిలు తగలబడ్డాయి.

1859లో బోస్టన్ ఎలియట్ స్కూల్లో థామస్ వాల్ అనే పదేళ్ల పిల్లాడు పది ఆజ్ఞలను ప్రొటెస్టంట్ల పద్ధతిలో అప్పజెప్పనన్నాడు. విగ్రహాల మాటను కేథలిక్కులు మొదటి ఆజ్ఞలోనే కలుపుతారు, ప్రొటెస్టంట్లు విడిగా లెక్కపెడతారు. తేడా అక్కడే. బెత్తంతో అరచేతుల మీద అరగంట సేపు కొట్టారు. కొట్టినాయన తప్పేమీ లేదని కోర్టు తేల్చింది.

ఇక సొంత బడులే దిక్కయ్యాయి. ప్రతి విచారణకూ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతానికి) ఒక బడి ఉండాలని 1884లో బాల్టిమోర్ సభలో బిషప్‌లు తీర్మానించారు. అప్పటికే ప్రొటెస్టంట్ నేతలు జాగ్రత్తపడ్డారు. మతశాఖల బడులకు ప్రజాధనం ఇవ్వకూడదంటూ 1875లో ప్రతినిధుల సభ సభ్యుడు జేమ్స్ బ్లెయిన్ రాజ్యాంగ సవరణ ప్రతిపాదన తెచ్చాడు. సెనేట్‌లో అది వీగిపోయినా, చాలా రాష్ట్రాలు అలాంటి నిబంధనలనే తమ రాజ్యాంగాల్లో రాసుకున్నాయి. తమాషా ఏమిటంటే, బళ్లో బైబిల్ చదవడానికి ఇది అడ్డు కాదని సెనేట్ ముసాయిదాలో ప్రత్యేకంగా చేర్చారు. ఏ బైబిలో వేరే చెప్పాలా!

1960లో హ్యూస్టన్‌లో ప్రొటెస్టంట్ పాస్టర్ల ముందు నిలబడి, చర్చి బడులకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వకూడదని అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కేథలిక్ నేత జాన్ కెనెడీ చెప్పాల్సి వచ్చింది. కేథలిక్ అధ్యక్షుడైతే పోపు చెప్పినట్టు ఆడతాడన్న భయం అప్పటికీ పోలేదు మరి. 2020లో మోంటానా కేసులో సుప్రీంకోర్టు ఆ పాత నిబంధనల కోరలు చాలావరకు పీకేసింది. ఓక్లహోమా కేసు వేసింది మాత్రం ఆ రాష్ట్ర రిపబ్లికన్ అటార్నీ జనరలే. 4–4 తీర్పు మిగతా రాష్ట్రాలను కట్టడి చేయదు కాబట్టి ఇదే ప్రశ్న మళ్లీ కోర్టుకెక్కవచ్చు.