తగ్గిన బరువు మళ్ళీ ఎందుకొస్తుంది?

గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచేవాళ్ళను కదిపితే తరచూ వినపడే గోడు ఇది: "ఎలాగో ఆరు కిలోలు తగ్గానండీ, ఏడాది తిరక్కుండానే మళ్ళీ వచ్చేసింది." నోరు కట్టుకోలేదని ఇంట్లోవాళ్ళు దెప్పుతారు. ఆ దెప్పుడు అన్యాయం.

ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందికి పది వారాలపాటు బాగా తక్కువ కేలరీల తిండి పెట్టి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత రక్తం పరీక్షిస్తే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఇంకా ఎక్కువగానే ఉంది. కొవ్వు నిల్వల సంగతి మెదడుకు తెలిపే లెప్టిన్ ఇంకా తక్కువగానే ఉంది. 2011లో వచ్చిన ఈ ఫలితాలు చూశాక మనిషిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పైగా బరువు తగ్గినకొద్దీ ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి కూడా తగ్గిపోతుంది.

మరి నడక దండగా? పప్పన్నంలో వేసుకునే పెద్ద చెంచాడు నెయ్యి దాదాపు 130 కేలరీలు. అరగంట చురుగ్గా నడిస్తే కరిగేదీ ఇంచుమించు అంతే. కాబట్టి బరువు సంగతి ముందు కంచంలోనే తేలాలి: పప్పుకీ, కూరకీ, సాంబారుకీ, పెరుగుకీ మారు వడ్డించుకునే అన్నం తగ్గాలి, పప్పూ కూరలూ గుడ్డూ పెరగాలి. నడక లాభం వేరే ఉంది. అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్ళకు 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెడితే షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది.

ఇక ఇంజెక్షన్లు. తిన్నాక పేగుల్లో పుట్టి ఆకలి తగ్గించే జీఎల్‌పీ-1 హార్మోన్‌లా పనిచేసే సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. ఆపేస్తే ఏడాదిలో అందులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. దీన్ని మందు లోపం అనుకోనక్కర్లేదు. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరగదా? వికారం, వాంతులు మామూలే, అరుదుగా క్లోమం వాపు కూడా వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి పొడుచుకునే మందు కాదిది. బరువు మరీ ఎక్కువైతే ఆపరేషన్ ఉంది. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో చాలా భాగం తీసేస్తారు, దాంతో గ్రెలిన్ కూడా తగ్గుతుంది. ఆ తర్వాత విటమిన్లు జీవితాంతం వాడాలి.

బరువు కిలోలను మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. మన దేశంలో అది 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. నడుము కొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటినా జాగ్రత్తపడాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్ళండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యపు మాత్రలు కూడా బరువు పెంచుతాయి.