రక్తనాళాల లోపలి పొర, నైట్రిక్ ఆక్సైడ్: అపోహలు - వాస్తవాలు

రక్తనాళాల లోపలి గోడను ఒకే వరుసగా కప్పి ఉంచే కణాల పొరను ఎండోథీలియం అంటారు. నా పరిశోధన ఈ కణాల మీదే. వీటిలో తయారై నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పేరు ఇప్పుడు జిమ్‌లలో వాడే పొడి డబ్బాల మీద కూడా కనిపిస్తోంది కనుక, నాకు తరచుగా ఎదురయ్యే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: లోపలి పొర గొట్టానికి వేసిన పూత వంటిది, నాళం బిగుసుకోవడం, సడలడం పూర్తిగా కండర పొర పనే.

వాస్తవం: 1980లో అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జవాడ్స్కీ కుందేలు బృహద్ధమని ముక్కల మీద ఎసిటైల్‌కొలీన్ అనే నాడీ సంకేత రసాయనాన్ని ప్రయోగించినప్పుడు, లోపలి పొర చెక్కుచెదరని ముక్కలు సడలాయి, ఆ పొరను రుద్ది తీసేసిన ముక్కలు సడలలేదు. అంతకు ముందు ఫర్చ్‌గాట్ చేసిన ప్రయోగాల్లోనే ఇదే మందుకు నాళం బిగుసుకునేది. ముక్కలను సిద్ధం చేసేటప్పుడు లోపలి పొర తెలియకుండానే రాలిపోవడమే అందుకు కారణమని తరువాత తేలింది. మా ప్రయోగశాలలో ఎలుక బృహద్ధమనిని రెండు మూడు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోసి, సన్నని తీగలకు తగిలించి, 37 డిగ్రీల లవణ ద్రావణంలో ఉంచి, ముందుగా ఫినైలెఫ్రిన్‌తో బిగుసుకునేలా చేస్తాము. ఆపైన ఎసిటైల్‌కొలీన్ వేస్తే తెర మీద నాళపు బిగువును చూపే గీత కిందికి వాలుతుంది, అంటే నాళం సడలిందన్నమాట. ఫోర్సెప్స్ మొన మీద ఉంగరాన్ని కొద్దిసేపు దొర్లించి లోపలి పొరను తీసేస్తే, అదే మందుకు ఆ గీత వాలదు. కొత్త విద్యార్థి చేతిలో గీత వాలకపోతే నేను అడిగేది మందు గురించి కాదు, కోసేటప్పుడు నాళాన్ని సాగదీశారా అని. ఆ సడలించే పదార్థం నైట్రిక్ ఆక్సైడేనని 1987 నాటికి తేలింది. ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

అపోహ: నైట్రిక్ ఆక్సైడ్ అంటే మత్తు కోసం ఇచ్చే నవ్వించే వాయువే.

వాస్తవం: కాదు. అది నైట్రస్ ఆక్సైడ్. పేరులో తప్ప పనిలో పోలిక లేదు.

అపోహ: కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను నిల్వ చేసుకుని, అవసరమైనప్పుడు వదులుతాయి.

వాస్తవం: కణ పొరలను సులభంగా దాటిపోయి, రక్తంలో సెకన్లలో అంతరించే వాయువును సంచుల్లో దాచడం కుదరదు. అందువల్ల అదుపు ప్రధానంగా తయారీ దగ్గరే ఉంటుంది. ఈ-ఎన్‌ఓఎస్ అనే ఎంజైము ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, ఆక్సిజన్‌ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను, సిట్రులిన్‌ను తయారుచేస్తుంది. మామూలు సమయాల్లో కణ పొరలోని చిన్న గుంటల్లో కేవియోలిన్ అనే ప్రోటీన్ ఈ ఎంజైమును అణచి ఉంచుతుంది. ఎసిటైల్‌కొలీన్ లేదా బ్రాడీకైనిన్ వంటి సంకేత రసాయనం తగిలినప్పుడు కణంలో క్యాల్షియం పెరిగి, కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి, కేవియోలిన్ పట్టును విడిపిస్తుంది. అయితే రోజంతా ఆగకుండా అందే సంకేతం రక్తప్రవాహపు ఒరిపిడి. మీరు నడిచేటప్పుడు కాలి ధమనుల్లో ప్రవాహం పెరిగితే, ఆ ఒరిపిడిని పసిగట్టిన కణాలు ఏకేటీ అనే మరో ఎంజైము ద్వారా ఈ-ఎన్‌ఓఎస్‌లోని 1177వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటును చేరుస్తాయి; అప్పుడు తక్కువ క్యాల్షియంతోనే తయారీ సాగుతుంది. 495వ స్థానంలో ఉన్న థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటు చేరితే తయారీ తగ్గుతుంది. రక్తం ఎంత వేగంగా పారుతుందో గోడే గమనించి దారి వెడల్పు చేసే ఈ ఏర్పాటు నాకు ఇన్నేళ్ల తరువాత కూడా అద్భుతంగానే అనిపిస్తుంది.

అపోహ: ఆర్జినిన్ ఎక్కువగా తీసుకుంటే నైట్రిక్ ఆక్సైడ్ కూడా అంతగా పెరుగుతుంది.

వాస్తవం: ఈ ఎంజైముకు కొన్ని మైక్రోమోలార్ల (అతి తక్కువ గాఢతలకు కొలత) ఆర్జినిన్ చాలు, కణంలో సాధారణంగానే వందల మైక్రోమోలార్లు ఉంటుంది. మధుమేహం, పొగతాగడం, అధిక రక్తపోటు ఉన్నవారిలో లోపం ఎక్కువగా ముడిసరుకులో కాక, టెట్రాహైడ్రోబయోప్టెరిన్ అనే సహాయక అణువులో కనిపిస్తుంది. అది ఆక్సీకరణకు గురై తగ్గినప్పుడు అదే ఎంజైము సూపరాక్సైడ్ అనే హానికర అణువును తయారుచేయడం మొదలుపెడుతుంది; సూపరాక్సైడ్ మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారి, ఆ సహాయక అణువును మరింత పాడుచేస్తుంది. గుండెపోటు వచ్చిన 153 మందితో అమెరికాలో జరిగి, 2006లో ప్రచురితమైన పరీక్షలో ఆర్జినిన్‌ను 3 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇచ్చారు. నాళాల బిరుసుతనం తగ్గలేదు, గుండె పనితీరు మెరుగుపడలేదు. ఆర్జినిన్ తీసుకున్నవారిలో ఆరుగురు మరణించగా, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఎవరూ మరణించలేదు. అందువల్ల కొత్తవారిని చేర్చుకోవడం ఆపివేశారు. ఇంత చిన్న పరీక్షతో ఆ మరణాలకు ఆర్జినినే కారణమని ఖాయంగా చెప్పలేకపోయినా, గుండెపోటు వచ్చినవారు ఈ ఆర్జినిన్ పొడులను సొంతంగా కొని వాడవద్దని నేను గట్టిగా కోరుతున్నాను.

అపోహ: ఒకసారి తయారైతే నైట్రిక్ ఆక్సైడ్ అడ్డులేకుండా కండరానికి చేరుతుంది.

వాస్తవం: ఎర్ర రక్తకణాల హిమోగ్లోబిన్‌లో భాగంగా మనకు తెలిసిన ఆల్ఫా గ్లోబిన్, చిన్న ధమనుల్లో ఎండోథీలియం కణాలు కండర కణాలను తాకే చోట కూడా ఉంటుందని వర్జీనియా విశ్వవిద్యాలయ బృందం 2012లో చూపింది. అందులోని ఇనుము ఫెర్రస్ రూపంలో ఆక్సిజన్‌ను పట్టుకుని ఉంటే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడే నైట్రేట్‌గా మారిపోతుంది. ఫెర్రిక్ రూపంలో ఉంటే చాలావరకు దాటిపోతుంది. అంటే తయారీ దగ్గర ఒక కాపలా, గడప దగ్గర మరొక కాపలా ఉన్నాయన్నమాట.

అపోహ: గుండె సంబంధిత ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఈ కణాల చేత నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేయిస్తుంది.

వాస్తవం: ఆ మాత్రలోని నైట్రేట్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ నేరుగా కండర కణాల్లోనే విడుదలవుతుంది కనుక, లోపలి పొర దెబ్బతిన్న నాళం కూడా దానికి సడలుతుంది. కండరంలో ఆ సడలింపును నడిపే సైక్లిక్ జీఎంపీ అనే అణువు విచ్ఛిన్నం కాకుండా సిల్డెనాఫిల్ (వయాగ్రాలోని మందు) ఆపుతుంది. అందుకే ఈ రెండు మందులు కలిస్తే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. సార్బిట్రేట్ వాడేవారు సిల్డెనాఫిల్ తీసుకోకూడదు. ఇప్పటికే తీసుకుని ఉంటే, ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ విషయాన్ని దాచకుండా ముందే చెప్పాలి.